‘డాక్టరు ఏమన్నాడు?’ అని నాన్నగారు అడుగుతున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకూ కాలేయానికీ పాకింది. ఇక కీమో వల్ల ప్రయోజనం లేదని, పాలియేటివ్ కేర్ (నొప్పినీ బాధనూ తగ్గించే ఉపశమన చికిత్స) బృందాన్ని కలవమని పోయిన నెల డాక్టరు చెప్పారు. ఆ సంగతి నాన్నగారికి చెప్పలేదు. చెబితే ఆ దిగులుతోనే పోతారని అమ్మ భయం. వేరే దేశంలో ఉన్న అన్నయ్య ‘పాలియేటివ్ అంటే చేతులెత్తేయడమే, ఏదైనా అయితే వెంటనే ఐసీయూలో చేర్చండి’ అంటున్నాడు. నాన్నగారు మాత్రం రోజూ ‘డాక్టరు ఏమన్నాడు?’ అని నన్నే అడుగుతున్నారు. ‘బాగానే ఉందన్నారు’ అంటున్నాను. రాత్రిళ్లు నడుము నొప్పితో మూలుగుతారు. మార్ఫిన్ రాశారు కానీ, అలవాటు పడిపోతారేమోనని మరీ ఓర్చుకోలేనప్పుడే వేస్తున్నాం. ఆఖరి రోజుల్లో ఏమవుతుందో, ఏ రోజు ఏం చేయాలో ఒక జాబితాలా రాసిస్తారా? – ఒక కూతురు

సమాధానం:

అమ్మా,

జాబితా సంగతి తర్వాత. ముందు ఆ నడుము నొప్పి గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన వాక్యం అదే.

క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి నడుము నొప్పి రావడం వింత కాదు. కానీ కొందరిలో వెన్నెముకలో పెరిగిన గడ్డ లోపలి వెన్నుపామును నొక్కుతుంది. నొప్పి నడుము చుట్టూ పట్టీ బిగించినట్టు ఉన్నా, దగ్గినప్పుడూ పడుకున్నప్పుడూ ఎక్కువవుతున్నా, కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తెల్లవారనివ్వండి అనుకోవద్దు. నడవగలుగుతున్నప్పుడే చికిత్స మొదలైనవారిలో చాలామంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక మొదలైతే మళ్లీ లేచేవారు తక్కువ. పాలియేటివ్ కేర్‌లో ఉన్నవారికి ఇక ఆస్పత్రితో పని లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. అది మామూలు ఎముక నొప్పే అని తేలినా, ఒకే ఒక విడత రేడియేషన్‌తో చాలామందికి నొప్పి తగ్గుతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి త్వరగా అడగడం మంచిది.

ఇక మార్ఫిన్. నేను నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను, అందులో సగం పాలియేటివ్ వార్డులోనే. మార్ఫిన్ సీసాను చూసి రోగి కన్నా ఇంట్లోవాళ్లే ఎక్కువ భయపడడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఓర్చుకోలేనప్పుడే వేయడం జాగ్రత్త అనుకుంటారు. జరిగేది వేరు. నొప్పి తలకెక్కాక వేసిన మోతాదు చాలదు, పనిచేయడానికి సమయం పడుతుంది, ఈలోగా మనిషి నలిగిపోతాడు. పైగా ‘మళ్లీ ఎప్పుడొస్తుందో’ అన్న బెదురు నొప్పి లేని గంటలను కూడా తినేస్తుంది. సిసిలీ సాండర్స్ అని లండన్‌లో ఒకావిడ ఉండేవారు. మొదట నర్సు, తర్వాత ఆస్పత్రిలో సామాజిక కార్యకర్త, ఆ తర్వాత వైద్యం చదివి 1957లో డాక్టరు అయ్యారు. ఆఖరి దశలో ఉన్నవారిని చూసుకునే ఆధునిక హాస్పిస్‌లకు మాతృక అనదగ్గ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను 1967లో తెరిచింది ఆవిడే. ఆవిడ పట్టుబట్టి నేర్పిన సంగతుల్లో ఒకటి చాలా చిన్నది: నిరంతరం ఉండే నొప్పికి మందు గడియారం చూసి ఇవ్వాలి, మూలుగు విని కాదు.

కాబట్టి డాక్టరు రాసిన వేళకు ఇవ్వండి. త్వరగా పనిచేసే రకం మార్ఫిన్ సుమారు 4 గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర సాధారణంగా 12 గంటలు. ఈ రెండో రకాన్ని పొడి చేయకూడదు, నమలనివ్వకూడదు, ఒక్కసారిగా మందంతా ఒంట్లోకి దిగిపోతుంది. వేళకు ఇస్తున్నా మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయడానికి విడిగా ఒక మోతాదు రాయించుకోండి. రోజుకు ఎన్నిసార్లు దాన్ని వాడాల్సి వచ్చిందో చెబితేనే డాక్టరుకు అసలు మోతాదు పెంచాలో వద్దో తెలుస్తుంది.

అలవాటు మాటకు వస్తే, ఒళ్లు మందుకు అలవాటు పడడం వేరు, మనిషి మందుకు బానిస కావడం వేరు. మొదటిది జరుగుతుంది, అందుకే మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. రెండోది, క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడేవారిలో అరుదు. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉంటారు, కొందరికి వికారం ఉంటుంది. అవి చాలావరకు వారంలో సర్దుకుంటాయి. సర్దుకోనిది ఒక్కటే, మలబద్ధకం. మార్ఫిన్ రాసిన చెయ్యే విరేచనానికి మందు కూడా రాయాలని మా వార్డులో అనేవాళ్లం. మీకు రాయలేదంటే ఈరోజే అడగండి. అయిదు రోజులు విరేచనం కాక కడుపు రాయిలా మారిన మనిషి నొప్పి, నొప్పి అంటుంటే మార్ఫిన్ పెంచుకుంటూ పోయిన ఇల్లు నాకు తెలుసు. లేపినా లేవనంత మత్తు, ఊపిరి మరీ నెమ్మదించడం, చేతులూ కాళ్లూ ఉలిక్కిపడ్డట్టు ఎగరడం కనిపిస్తే మాత్రం తర్వాతి మోతాదు ఇవ్వకముందే బృందానికి ఫోను చేయండి. మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో ఈ మందు ఒంట్లో పేరుకుంటుంది.

మంచం పక్కన ఒక నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను పెట్టండి. పెన్ను కట్టడం మరిచిపోవద్దు, రాత్రి రెండింటికి పెన్ను దొరకదు. వేళ, మందు, నొప్పి పదికి ఎంత, విరేచనం అయిందా, ఇంతే రాయండి. ఎవరు వంతు తీసుకున్నా అందులోనే రాయాలి. ‘నువ్వు వేశావనుకున్నాను’ అన్న మాట ఇంట్లో వినపడకుండా పోతుంది.

మీ అన్నయ్య అన్న ‘చేతులెత్తేయడం’ గురించి. పాలియేటివ్ అనే మాట లాటిన్‌లోని ‘పాలియం’ నుంచి వచ్చింది, పైన కప్పుకునే వస్త్రం అని అర్థం. 1970ల నడుమ మాంట్రియల్‌లో బాల్ఫర్ మౌంట్ అనే శస్త్రవైద్యుడు తన ఆస్పత్రిలో ఇలాంటి వార్డు పెట్టాలనుకున్నప్పుడు, అక్కడి ఫ్రెంచ్‌వాళ్లకు హాస్పిస్ అంటే దిక్కులేనివాళ్లను పడేసే చోటు అన్న అర్థం స్ఫురిస్తుందని, ఈ మాటను ఎంచుకున్నారు. పాపం, ఆ మాటకూ ఇప్పుడు అదే గతి పట్టింది. అన్నయ్యకు ఒక సంగతి చెప్పి చూడండి. 2010లో బోస్టన్‌లో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పుడే బయటపడిన 151 మందిపై చేసిన అధ్యయనం వెలువడింది. సగంమందికి మామూలు చికిత్స, మిగతా సగానికి దానితోపాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్. రెండో గుంపువారికి దిగులు తక్కువగా ఉంది, ఆఖరి రోజుల్లో ఒంటిని హింసించే చికిత్సలు తక్కువ జరిగాయి, అయినా వాళ్లే ఎక్కువ కాలం బతికారు, మధ్యస్థ లెక్కలో (సగంమంది అంతకన్నా ఎక్కువ, సగంమంది తక్కువ) 11.6 నెలలు, మొదటివారు 8.9 నెలలు. నాన్నగారి జబ్బు అంతకన్నా ముందుకు వెళ్లిపోయింది, ఆ లెక్క ఆయనకు వర్తిస్తుందని నేననను. చేతులెత్తేసినవాళ్లకు వచ్చే ఫలితం మాత్రం కాదది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మకు ఏం భయమో రాశారు. అన్నయ్యకు ఏం కావాలో రాశారు. మీ అయోమయం రాశారు. నాన్నగారికి ఏం కావాలో మాత్రం ఒక్క మాట లేదు. తప్పు పట్టడం లేదమ్మా, మీకు తెలియదు కాబట్టే రాయలేదు. కానీ మీరు అడిగిన జాబితాలో మొదటి గీత అదే. అది లేకుండా నేను రాసిచ్చేదంతా ఎవరో ఒక రోగి గురించి అవుతుంది తప్ప మీ నాన్నగారి గురించి కాదు.

ఆయనకు తెలియదని మీరనుకుంటున్నారు. ఆలోచించండి. కీమోకు పిలవడం ఆగిపోయింది. ఒంటి బరువు తగ్గింది. ఆయన గదిలోకి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. రోజూ ఒకే ప్రశ్న అడిగే మనిషికి జవాబు తెలియక కాదు, మీరు చెబుతారో లేదో చూడడానికి అడుగుతున్నారేమో. 1965లో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఆస్పత్రులను పరిశీలించి దీనికి పేరు కూడా పెట్టారు, పరస్పర నటన అని. రోగికి తెలుసు, ఇంటివాళ్లకు తెలుసు, ఎదుటివాళ్లకు తెలుసని ఇద్దరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. ఈ నాటకంలో అందరికన్నా ఒంటరి అయ్యేది మంచం మీద ఉన్న మనిషే. పిల్లలకు చెప్పుకోవలసినవి, సంతకం పెట్టవలసినవి, ఎవరితోనో తెంచుకున్న మాట మళ్లీ కలుపుకోవడం, అన్నీ ఆయనలోనే ఉండిపోతాయి.

అలాగని రేపు ఉదయం వెళ్లి మొత్తం కుమ్మరించమనడం లేదు. అమ్మ భయంలోనూ ఒక నిజం ఉంది: అడగనిది ముఖాన కొట్టినట్టు చెప్పడం క్రూరమే. మీరు చెప్పనక్కరలేదు, అడగండి. ఈసారి ‘డాక్టరు ఏమన్నాడు?’ అన్నప్పుడు ‘బాగానే ఉందన్నారు’ బదులు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ‘మీకేమనిపిస్తోంది నాన్నా?’ అనండి. తర్వాత మాట్లాడకండి. అదే కష్టం. ఆ నిశ్శబ్దం మీకు అయిదు నిమిషాల్లా అనిపిస్తుంది, నిజానికి అరనిమిషం కూడా ఉండదు. ఆయన ‘ఏముంది, తగ్గుతుందిలే’ అని ముఖం తిప్పుకుంటే ఆరోజుకు అంతే, అది ఆయన ఇష్టం. ‘ఇక తగ్గదేమోరా’ అంటే ‘అవును నాన్నా, డాక్టరు కూడా అదే అన్నారు. నొప్పి లేకుండా చూసుకోవచ్చన్నారు, అది మేం చూసుకుంటాం’ అనండి. అబద్ధం లేదు, వదిలేయడమూ లేదు. ‘జబ్బు గురించి అన్నీ మీకే చెప్పమంటారా, మాతో మాట్లాడమంటారా?’ అని అడగడం కూడా మంచి పద్ధతే. నాకేమీ చెప్పవద్దు, అమ్మాయితో మాట్లాడండి అనే హక్కు ఆయనకుంది. తేడా ఒక్కటే, ఆ నిర్ణయం ఆయన నోటి నుంచి రావాలి.

అమ్మను ఈ మాటలకు బయట ఉంచకండి. ముందు రోజు ఆవిడ దగ్గర కూర్చుని ‘నాన్న ఒంటరిగా భయపడుతున్నారేమో అమ్మా’ అనండి. ‘చెప్పాలి’ అంటే ఆవిడ వాదిస్తుంది. ‘ఒంటరిగా’ అన్నచోట ఆగుతుంది. నేను చూసిన భార్యల్లో చాలామంది ఆగారు.

ఆ తలుపు తెరుచుకున్నాక అడగవలసినవి మరీ ఎక్కువ లేవు, ఒక్క పూటలో అడగవలసినవీ కావు. అన్నిటికన్నా ముఖ్యం ఏమిటి: ఇంట్లో ఉండడమా, నొప్పి లేకపోవడమా, ఫలానా రోజు దాకా తెలివిగా ఉండడమా? దేనికి ఎక్కువ భయం? చాలామంది చావు అనరు, ‘ఊపిరాడక పోతానేమో’ అంటారు, ‘మీకు బరువైపోతానేమో’ అంటారు. ఎంతవరకు ఓర్చుకుంటారు, ఎక్కడ ఇక చాలు అంటారు? మాట్లాడలేని స్థితి వస్తే తన తరఫున ఎవరు మాట్లాడాలి? ఈ ఆఖరి దానికి ఒక్క పేరే రావాలి. అందరూ కలిసి నిర్ణయించండి అంటే అర్ధరాత్రి ఆస్పత్రి వరండాలో గొడవ పడండి అని చెప్పినట్టే.

గుండె ఆగితే ఛాతీ నొక్కి తిరిగి కొట్టించే ప్రయత్నం గురించి, వెంటిలేటర్ గురించి డాక్టరు సమక్షంలోనే మాట్లాడండి. ఛాతీ నొక్కడం అకస్మాత్తుగా కుప్పకూలిన మనిషికి ప్రాణం పోసే పని, అందరూ నేర్చుకోవలసిన పని. క్యాన్సర్ ఒళ్లంతా పాకి మంచం పట్టినవారిలో అది ఫలించడం చాలా అరుదు, పక్కటెముకలు విరగడం మాత్రం మామూలు. ఐసీయూ అంటే అన్నయ్య కళ్ల ముందు ఏముందో నాకు తెలియదు. నా కళ్ల ముందు ఉన్నది చేతులు మంచానికి కట్టిన, నోట్లో గొట్టంతో మాట్లాడలేని మనిషి, రోజుకు కాసేపు అద్దం అవతలి నుంచి చూసే పిల్లలు. తగ్గే జబ్బుకు అది భరించదగ్గదే. తిరిగి బయటకు వచ్చే దారి ఉందా అన్నది మీరు డాక్టరును సూటిగా అడగవలసిన ప్రశ్న.

ఆయన చెప్పింది కాగితం మీద పెట్టించండి. దీన్ని లివింగ్ విల్ అనో, ముందస్తు ఆదేశం అనో అంటారు. ఎవరు సాక్షులుగా ఉండాలి, ఎవరి సంతకం కావాలి అన్నది చట్టాన్ని బట్టి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ పాలియేటివ్ బృందంలో సామాజిక కార్యకర్త ఉంటే ఆ పని వారికి కొట్టినపిండి. కాగితం బీరువాలో దాచకండి. అంబులెన్స్‌వాళ్లు వచ్చినప్పుడు తాళం చెవులు వెతుక్కునే సమయం ఉండదు. తలుపు వెనకో మంచం దగ్గరో చేతికందేలా ఉండాలి, నకలు డాక్టరు దగ్గరా అన్నయ్య దగ్గరా ఉండాలి. ఆయన మనసు మారితే మార్చి రాయవచ్చని కూడా చెప్పండి, చాలామందికి ఆ సంగతి తెలియదు.

అన్నయ్య మీద కోపం తెచ్చుకోకండి. దూరాన్నుంచి ఆఖర్న దిగి ‘అన్నీ చేయండి’ అని పట్టుబట్టే బంధువును డాక్టర్లు ఎంతగా ఎరుగుదురంటే, 1991లో ఒక అమెరికా వైద్య పత్రిక దానికి ‘కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు’ అని పేరు పెట్టి మరీ వ్యాసం వేసింది. (కూతురే ఎందుకో, కొడుకులు రారా అని నాకు అప్పట్లో ఒళ్లు మండింది.) అది ప్రేమే, దూరం వల్ల అపరాధభావం తోడైన ప్రేమ. రోజురోజుకూ తగ్గిపోవడం మీరు చూస్తున్నారు, అన్నయ్య మనసులో నాన్న ఇంకా పోయినసారి చూసిన నాన్నే. వారానికొకసారి డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఫోను స్పీకర్‌లో పెట్టి అన్నయ్యను కూడా కలపండి. మీరు చెబితే అది మీ అభిప్రాయం, డాక్టరు చెబితే సమాచారం. నాన్నగారే ఫోనులో తన మాట చెప్పగలిగితే ఇక వాదనే ఉండదు. రావాలనుకుంటే ఇప్పుడే రమ్మనండి, పక్కన కూర్చుని మాట్లాడుకోగలిగిన రోజుల్లోనే.

ఇంట్లో ఏర్పాట్ల గురించి మీ బృందంలోని నర్సు వచ్చి చూపిస్తే నేను రాసినదానికన్నా బాగా తెలుస్తుంది, అందుకే క్లుప్తంగా. లేవలేని స్థితి వచ్చాక సుమారు రెండు గంటలకొకసారి పక్కకు ఒత్తిగిలేలా తిప్పాలి. మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర ఎర్రబడిందేమో చూస్తుండాలి, ఎర్రబడిన చోట రుద్దకూడదు. ఆయాసానికి కిటికీ తెరిచి, తల ఎత్తుగా పెట్టి, చిన్న ఫ్యాను గాలి ముక్కూ చెంపల మీదికి తగిలేలా పట్టండి. నమ్మశక్యంగా ఉండదు కానీ పనిచేస్తుంది. తక్కువ మోతాదు మార్ఫిన్ ఆయాసానికి కూడా పనికొస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు కాబట్టి దగ్గుతో రక్తం పడే అవకాశం ఉందా అని ముందే అడగండి. ఉందంటే ముదురు రంగు తువాళ్లు నాలుగు మంచం కింద ఉంచండి. తెల్లబట్ట మీద రక్తం ఎంత పడినా బిందెడులా కనిపిస్తుంది, ఆయనా భయపడతారు, మీరూ భయపడతారు. రాత్రి వేళ ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి.

తిండి గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే రేపోమాపో మీ ఇంట్లో యుద్ధం అక్కడే మొదలవుతుంది. తినడం మానేశారు కాబట్టి నీరసిస్తున్నారు అనుకుంటాం. ఈ దశలో అది తలకిందులు, ఒళ్లు మూతపడుతోంది కాబట్టి ఆకలి పోతోంది. బలవంతంగా పెట్టినది ఒంటబట్టదు, పైగా మింగే శక్తి తగ్గినవారికి పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా తెలిసిన నర్సునే నేను. మా అమ్మ ఆఖరి వారంలో, ‘ఇంకొక్క స్పూను’ అంటూ నేను చేసిన పని ఇప్పటికీ మరిచిపోలేను. ఆవిడ తల తిప్పుకుంది. మళ్లీ పెట్టాను. పెదవులు బిగించింది. స్పూను అంచుతో ఆ పెదవుల మధ్య సందు చేశాను. పొలమారి, ముఖం నల్లబడి, తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. తేరుకున్నాక నా వంక కోపంగా కూడా చూడలేదు. ఆ స్పూనుతో నేను ఆకలి తీర్చలేదు, నా భయం తీర్చుకున్నాను.

అడిగినంత పెట్టండి, వద్దంటే తీసేయండి. ఆఖరి రోజుల్లో సెలైన్ ఎక్కించమని అందరూ అంటారు. చాలామందిలో దానివల్ల హాయి పెరగదు, ఒంటికి నీరు పట్టడం, కఫం ఎక్కువ కావడం జరగవచ్చు. దాహంలా కనిపించేది ఎక్కువగా నోరు ఎండిపోవడమే. అమ్మకు ఆ పని అప్పగించండి. మెత్తని చిన్న బ్రష్షో స్పాంజో తడిపి, నీళ్లు కారకుండా పిండి, చిగుళ్ల మీద, నాలుక మీద, చెంపల లోపల నెమ్మదిగా అద్దాలి, తర్వాత పెదవులకు ఏదైనా లేపనం రాయాలి. గంటకో రెండు గంటలకో ఒకసారి. ఒక్కోసారి ఆయన ఆ స్పాంజును పెదవులతో చప్పరిస్తారు. దాన్ని చూసిన అమ్మ మళ్లీ స్పూను ఎత్తదు.

ఏ రోజు ఏమవుతుందని అడిగారు. రోజులు చెప్పలేం, వరస కొంత చెప్పగలం. నిద్ర పెరుగుతుంది, మేలుకుని ఉండేది రోజులో గంటా రెండు గంటలకు తగ్గుతుంది. మాత్రలు మింగలేరు. అందుకే ఆ రోజు రాకముందే నాలుక కిందో చర్మం కిందో ఇచ్చే మందులు ఇంట్లో సిద్ధంగా ఉంచమని బృందాన్ని అడగండి, శనివారం రాత్రి వాటికోసం పరుగెత్తకూడదు. కొందరు తికమకపడతారు, లేచి వెళ్లాలంటారు, లేనివాళ్లను పలకరిస్తారు. వాదించకండి. మరీ కలవరపడుతుంటే మూత్రం బిగిసిందా, మలబద్ధకమా, నొప్పా అని చూసి ఫోను చేయండి, దానికి మందులున్నాయి. తర్వాత చేతులూ పాదాలూ చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర చర్మం మచ్చలుగా నీలం తిరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. ఊపిరి గబగబా ఆడి, నెమ్మదించి, కాసేపు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. ఎగశ్వాస అని పెద్దవాళ్లు అనేది ఈ దశనే. గొంతులో గురగుర వినిపిస్తుంది. మింగలేక గొంతులో నిలిచిన తడి మీదుగా గాలి ఆడుతున్న చప్పుడది. అప్పటికి స్పృహ అంతంతే కాబట్టి అది ఆయనను బాధపెట్టదనే మా అనుభవం, వినేవాళ్లనే బాధపెడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు తగ్గుతుంది.

మాట్లాడుతూ ఉండండి. 2020లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, హాస్పిస్‌లో స్పందన లేని స్థితికి చేరిన కొందరి మెదడు చప్పుళ్లకు ప్రతిస్పందించడం గమనించారు. ఆ వినడంలో అర్థం ఎంత చేరుతుందో అది చెప్పలేదు. అయినా మంచం దగ్గర ఆస్తి లెక్కలు మాట్లాడేవాళ్లను మాత్రం నేను అప్పటికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే గది బయటికి పంపేదాన్ని.

మీ గురించి మీరు ఏమీ రాయలేదు. రాత్రిళ్లు వంతులు వేసుకోండి, వరుసగా మూడో రాత్రి మేల్కొన్న మనిషి మందు లెక్క తప్పుతుంది. సాయం చేస్తానన్న బంధువుకు ‘ఫరవాలేదు’ అనకుండా ఒక పని పేరు చెప్పి అప్పగించండి. ఏదో ఒక రాత్రి ‘త్వరగా అయిపోతే బాగుండు’ అన్న ఆలోచన వస్తుంది. వచ్చినందుకు మిమ్మల్ని మీరు రాక్షసి అనుకోవద్దు. నాకూ వచ్చింది. దగ్గరుండి చేసినవాళ్లలో ఎంతోమంది గొంతు తగ్గించి నాతో ఇదే మాట చెప్పారు. ఇంట్లో చేయలేని పరిస్థితి వస్తే ఆస్పత్రికో హాస్పిస్‌కో మార్చవచ్చు. ఇంట్లోనే పోతానని ఆయన అడిగితే ‘శాయశక్తులా చూస్తాం’ అనండి, ఒట్టు వేయకండి.

ఆ ఊపిరి మళ్లీ మొదలుకాని సమయం వచ్చినప్పుడు పరుగెత్తవలసిన పని ఏదీ ఉండదు. ముందే అనుకున్నారు కాబట్టి అంబులెన్స్‌కు ఫోను చేయనక్కరలేదు. గడియారం చూసి వేళ ఆ నోటు పుస్తకంలో రాయండి. ధ్రువీకరించడానికి రావలసిన డాక్టరు నంబరు గోడ మీదే ఉంది, కాసేపు ఆగి చేసినా ఫరవాలేదు. మిగిలిన మార్ఫిన్ తర్వాత లెక్కచూసి బృందానికి అప్పగించవచ్చు. అమ్మ పక్కగదిలో నిద్రపోతుంటే ముందు ఆవిడను లేపండి.